రాగి పలకల మీద నాలుగు సామెతలు: పని డైరీ

పని పెట్టుకున్నది

నాలుగు రాగి పలకలు, నాలుగు తెలుగు సామెతలు. పద్ధతి ఎచింగ్, ఆక్వాటింట్. ఎచింగ్ అంటే రాగి మీది మైనపు పూతను సూదితో గీసి, ఆ గీతలను ఆమ్లంతో కొరికించడం. ఆక్వాటింట్ అంటే రోజిన్ అనే చెట్టుబంక పొడి చల్లి కొరికించి టోన్, అంటే బూడిదరంగు నీడలు, తేవడం. ఒక్కో పలక 16 × 22 సెంటీమీటర్లు. షరతు ఒకటే: అచ్చు చూడగానే సామెత తట్టకూడదు. తట్టిందంటే అది వాచకంలో వేసే బొమ్మ అయిపోతుంది. సామెత తెలిశాక మళ్లీ చూస్తే మాత్రం పలకలో ఉన్న ప్రతి వస్తువుకూ లెక్క దొరకాలి.

దీనికి దారి చూపేవి స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా చివరి ఎచింగులు. సుమారు 1815, 1823 మధ్య మాడ్రిడ్‌లో చేసినవి, మొత్తం 22 పలకలు. కొన్ని ప్రూఫుల, అంటే పరీక్ష అచ్చుల మీద ఆయనే చేత్తో ‘దిస్పరాతే’ అని రాసుకున్నారు. తలాతోకా లేని పని అని దాని భావం. 1824లో ఆయన బోర్డో వెళ్లిపోయారు, 1828లో అక్కడే కన్నుమూశారు. పలకలు మాడ్రిడ్‌లో ఉండిపోయాయి. 1864లో శాన్ ఫెర్నాందో రాయల్ అకాడమీ వాటిలో పద్దెనిమిదింటిని అచ్చువేసి ‘లోస్ ప్రొవెర్బియోస్’, సామెతలు, అని పేరు పెట్టింది. మిగతా నాలుగు 1877లో పారిస్‌లో ‘లార్’ పత్రిక ద్వారా బయటికొచ్చాయి. అంటే సామెతలన్న పేరు గోయా పెట్టింది కాదు. అలాగని అకాడమీ వాళ్లు గాలిలోంచి తెచ్చిందీ కాదు. ఎండుకొమ్మ మీద జనం గుంపుగా కూర్చున్న పలక ఒకటుంది. అసలు విషయం వదిలేసి చుట్టూ తిరిగేవాళ్లను స్పానిష్‌లో ‘కొమ్మల వెంట తిరుగుతున్నాడు’ అంటారు. ఆ పలకకు మూలం ఆ నానుడేనని చెప్పేవాళ్లున్నారు. నానుడిలో ఉన్నదాన్ని ఉన్నట్టే గీసి, దాన్ని ఎవరు ఎప్పుడు అంటారో ఆ సందర్భాన్ని మొత్తం తీసేశారన్నమాట. కింద నేల లేదు, వెనక ఊరు లేదు, ఉత్త టోన్. ఇక్కడ మాకు కావలసిన కిటుకు అదే.

సామెతల ఎంపికలో సగం పోయాయి. ‘నిదానమే ప్రధానం’ లాంటివి పలక మీదికి రావు, వాటిలో కంటికి కనిపించే పని లేదు. ‘మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్టు’ మొదటి జాబితాలో ఉంది. స్కెచ్ వేయగానే తెలిసిపోయింది, అందులో దాచడానికేమీ లేదు. గీసిందే సామెత అయిపోతోంది. చివరికి నిలిచినవి: గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం, ఇంట్లో ఈగల మోత వీధిలో పల్లకీ మోత, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనడం.

పలకలు

రాగి రేకు 18 గేజీ, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం. ఈ కొలతకు ఒక్కో పలక 380 గ్రాముల దాకా తూగుతుంది. రాగి కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి కొనేటప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే మంచిది. అంతకన్నా పల్చటి రేకు ప్రెస్సులో వంగుతుంది, అంచుల దగ్గర స్క్రేపర్, అంటే రాగిని గీకే పనిముట్టు, ఆడించడమూ కష్టం. పరీక్షకని అదే రేకులోంచి 4 సెంటీమీటర్ల పట్టీ ఒకటి అదనంగా కోయించాం. వేరే రేకు మీద చేసిన పరీక్ష దీనికి పనికిరాదు.

అంచులు ఆకురాయితో 45 డిగ్రీల వాలుకు అరగదీయాలి, మూలలు గుండ్రం చేయాలి. ఇది అందం కోసం కాదు. పదునైన అంచు ప్రెస్సు ఒత్తిడికి తడి కాగితాన్ని కోసేస్తుంది, ప్రెస్సులో కాగితం మీద పరిచే ఖరీదైన ఫెల్టు గుడ్డను కూడా. తర్వాత 600, 1000 నంబరు వాటర్ పేపరుతో ముఖం తీసి, మెటల్ పాలిష్‌తో ముగింపు.

జిడ్డు పోవడం అన్నిటికన్నా ముఖ్యం. చింతపండు, ఉప్పు వేసి తోమితే రాగి తళతళలాడుతుంది కానీ పోయేది చిలుము మాత్రమే, జిడ్డు పోదు. జిడ్డుకు చాక్ పొడి, నాలుగు చుక్కల అమ్మోనియా కలిపి మెత్తటి గుడ్డతో రుద్దాలి. పరీక్ష తేలిక: కుళాయి కింద పెడితే నీరు పలకంతా ఒకే పొరగా నిలవాలి. ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డుంది, అక్కడ గ్రౌండు, అంటే ఆమ్లాన్ని ఆపే మైనపు పూత, లేస్తుంది. కడిగాక ముఖాన్ని వేలితో తాకకూడదు. వేలిముద్ర కూడా జిడ్డే, అది అచ్చులో కనిపిస్తుంది.

గ్రౌండు, ద్రావకం

హార్డ్ గ్రౌండుకు బరువు లెక్కన తేనెమైనం 2 పాళ్లు, తారు పొడి 2 పాళ్లు, రోజిన్ 1 పాలు. మైనం ముందు కరిగించి, తారు కొంచెం కొంచెంగా కలిపి, చివర్లో రోజిన్ వేస్తాం. మంట మీద నేరుగా కాదు, ఎలక్ట్రిక్ హాట్‌ప్లేటు మీద. ఉండలు కట్టి ఉంచుకుని, వెచ్చటి పలక మీద రుద్ది రోలరుతో పరుస్తాం. పొర పల్చగా, తేనె రంగులో, వెలుతురుకు రాగి కనిపించేలా ఉండాలి. నల్లగా మందంగా పడితే సూది గీసినచోట పెచ్చులూడుతుంది. ఎండాకాలం హైదరాబాదు వేడికి ఈ పాళ్లే కాస్త మెత్తబడి చేతి వేడికి అంటుకుంటాయి. అప్పుడు మైనాన్ని పావు వంతు తగ్గిస్తే సరిపోతుంది.

సాఫ్ట్ గ్రౌండు, అంటే ఏదైనా నొక్కితే దాని అచ్చు పట్టే మెత్తటి పూత, ఇదే మిశ్రమానికి వాజ్‌లైన్ కలిపి చేసుకోవచ్చు. చలికాలం రెండుకు ఒకటి, వేసవిలో మూడుకు ఒకటి. ఎక్కువైతే పొర ఎప్పటికీ ఆరినట్టుండదు, కాగితం తాకినచోటల్లా లేచిపోతుంది.

ఆమ్లం విషయంలో గోయా కాలంలో వాడింది నత్రికామ్లం. మేం వాడేది ఫెర్రిక్ క్లోరైడ్. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల (పీసీబీ) సామాన్లు అమ్మే షాపుల్లో ద్రావకంగానూ గడ్డలుగానూ దొరుకుతుంది. గడ్డలు కొంటే నీళ్లలో గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి తప్ప గడ్డల మీద నీళ్లు పోయకూడదు. బాగా వేడెక్కి ఆవిరి కొడుతుంది. ఒంటి ఫెర్రిక్‌తో ఒక తంటా ఉంది: రాగిని తిన్నకొద్దీ గీతల్లో గోధుమరంగు మడ్డి పేరుకుని కొరుకుడు ఆగిపోతుంది. అందుకని పాత పద్ధతిలో పలకను బోర్లా వేలాడదీస్తారు. 1997లో ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ ఎడిన్‌బరాలో దీనికి మంచి విరుగుడు కనిపెట్టారు. 42 బోమె (ద్రావకం చిక్కదనాన్ని కొలిచే డిగ్రీలు) గాఢత ఉన్న ఫెర్రిక్ 4 పాళ్లకు నిమ్మ ఉప్పు ద్రావకం 1 పాలు. లీటరు ఫెర్రిక్‌కు 190 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 60 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి చల్లారాక కలిపాం. నిమ్మ ఉప్పు మడ్డిని కరిగించేస్తుంది, పలక వెల్లకిలా పెట్టినా గీత శుభ్రంగా దిగుతుంది. వేగమూ పెరుగుతుంది.

పాత్ర ప్లాస్టిక్‌దే కావాలి. అల్యూమినియం, స్టీలు పాత్రలను ఇది పలకలాగే తినేస్తుంది. పలక వెనక వైపు బ్రౌన్ టేపు అంటించాలి. చేతికి నైట్రైల్ గ్లవుజులు, కళ్లకు అద్దాలు. బట్టల మీద పడితే ఆ మరక పోదు.

పరీక్ష పట్టీ

పట్టీ మీద ఆక్వాటింట్ వేసి ఎనిమిది మెట్లు చేశాం. మొదటి మెట్టు మూసే ఉంచాలి, అది తెలుపు. మిగతావి మొత్తం సమయం లెక్కన 10 సెకన్లు, 30 సెకన్లు, 1 నిమిషం, 2, 4, 8, 16 నిమిషాలు. ఒక్కో మెట్టు అయ్యాక కడిగి, ఆరబెట్టి, ఆ గడిని లక్క పాలిష్‌తో మూసి మళ్లీ దించుతాం. ద్రావకం వేడి 30 డిగ్రీలు.

వచ్చిన అచ్చులో 10 సెకన్లది పొగమంచులా వచ్చింది. 30 సెకన్లకీ 1 నిమిషానికీ తేడా బాగా తెలుస్తోంది. 4 నిమిషాలు నిండు బూడిదరంగు, 8 దాదాపు నలుపు. 16 నిమిషాల గడి 8 కన్నా తేలిపోయింది. ఇది ఎవరికైనా మొదటిసారి వింతగా ఉంటుంది. ఎక్కువసేపు కొరికితే ఆమ్లం రోజిన్ రేణువుల పక్కల నుంచి కిందకి దూరుతుంది, రేణువులు లేచిపోతాయి, వాటి కింద సిరాను పట్టి ఉంచే రాగి మొనలు కూలిపోతాయి. నున్నటి గుంట మిగులుతుంది, తుడిచినప్పుడు గుడ్డ దానిలోని సిరానూ తీసుకుపోతుంది. కాబట్టి నలుపు కావాలంటే టైము పెంచడం దారి కాదు. మూడో పలకలో ఈ పాఠం అవసరపడింది.

ఈ అంకెలు ఈ పాత్రకూ ఈ వేడికీ మాత్రమే. ద్రావకం వేడి 22 డిగ్రీలున్నప్పుడు 40 నిమిషాలు పట్టే గీత, 36 దగ్గర సగం టైములో దిగిపోతుంది. పాత్రలో థర్మామీటరు లేకుండా టైము రాసుకోవడం దండగ.

ఆక్వాటింట్ పెట్టె గురించి ఇక్కడే చెప్పుకోవాలి. రోజిన్‌ను రోట్లో మెత్తగా దంచి, పెట్టెలో వేసి తిప్పుతాం. తిప్పడం ఆపాక అర నిమిషం ఆగితే పెద్ద రేణువులు దిగిపోతాయి, అప్పుడు పలక లోపల పెట్టి ఏడెనిమిది నిమిషాలు వదిలేయాలి. భూతద్దంలో చూస్తే పొడి పలకలో సగం కప్పి ఉండాలి. తర్వాత కింద నుంచి వేడి. తెల్లటి పొడి తడిసినట్టు మెరిసి కనిపించకుండా పోగానే మంట జరపాలి. ఇంకో అర నిమిషం వేడి చేస్తే రేణువులు ఒకదానిలో ఒకటి కరిగి పొర కట్టేస్తాయి, ఆమ్లానికి దారి ఉండదు. తక్కువైతే ద్రావకంలో కొట్టుకుపోతాయి. రోజిన్ ధూళి ఊపిరితిత్తులకు చేటు, గాలిలో లేచినప్పుడు నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పెట్టె తిప్పే గదిలో స్టవ్ వెలగకూడదు, ఎన్95 మాస్కు తప్పదు.

ఒకటో పలక: భుజాలు

ఈ సామెతలో కీలకం బూడిద. బూడిద గుమ్మడికాయ మీది తెల్లటి పొడి, కాయ మోసినవాడి భుజానికి అంటుకుంటుంది. ‘గుమ్మడికాయల దొంగ’ అని ఎవరో కేకేయగానే దొంగ తన భుజం తడుముకుని దొరికిపోతాడు. ఉన్నదున్నట్టు గీస్తే సంత, కాయల గుట్ట, కేకేసేవాడు, బిక్కమొహం వేసినవాడు. వీటిలో కాయలను తీసేశాం, కేకేసేవాణ్ని తీసేశాం, సంతనూ తీసేశాం. మిగిలింది వరసగా వెనక్కి తిరిగి నిలబడ్డ ఏడుగురు మగవాళ్లు. ఆరుగురి కుడి చెయ్యి ఎడమ భుజం మీద ఉంది. ఏడోవాడి చేతులు కిందికి వేలాడుతున్నాయి, తెల్లపొడి ఉన్నది వాడి భుజాన.

గోయా పలకల్లో మెడ దాకా సంచుల్లో కట్టేసిన మనుషుల బొమ్మ ఒకటుంది. చేతులు కనిపించకపోవడం వల్లే ఆ బొమ్మలో కుదురు పోతుంది. ఇక్కడ దానికి ఎదురు: చేతులే కనిపిస్తాయి, ముఖాలు లేవు.

బొమ్మ పలక మీదికి ఎక్కించడానికి ట్రేసింగ్ కాగితానికి బొమ్మ ఉన్న వైపు జేగురు రుద్ది, బోర్లించి, పలక మీద పెట్టి పెన్సిలుతో దిద్దాం. గ్రౌండు మీద ఎర్ర గీత కనిపిస్తుంది. కాగితం తిరగేయడం మరిస్తే అచ్చులో అందరూ ఎడమచేతివాటం అయిపోతారు. ఈ పలకలో కుడి, ఎడమ ముఖ్యం కాబట్టి అద్దం పెట్టి సరిచూసుకోవడం మంచిది.

గీతలు మూడు దఫాలుగా. లుంగీ మడతల సన్నగీతలు 8 నిమిషాలకు మూసేశాం, ఒళ్ల బయటి గీతలు 20కి, పాదాల దగ్గర ముదురు గీతలు 40కి. సూదితో రాగిని గోకక్కర్లేదు, గ్రౌండును తొలగిస్తే చాలు. గట్టిగా నొక్కినచోట గీత ముందే లోతుగా ఉండి ఆమ్లానికి మరింత లోతవుతుంది, మూడు దఫాల లెక్క తప్పుతుంది.

బూడిద కోసం ఆక్వాటింట్ కొరికించే ముందు లక్క పాలిష్‌ను పళ్ల బ్రష్షుతో ఏడోవాడి భుజం మీద చిలకరించాం, చుట్టూ కాగితం ముసుగు కప్పి. పాలిష్ పల్చగా ఉంటే చుక్కలు కలిసిపోయి మరకవుతుంది. స్పిరిట్ కొంచెం ఆవిరైపోనిచ్చి, చిక్కబడ్డాక చిలకరిస్తే చుక్క చుక్కగా నిలుస్తుంది. వెనక టోన్ మొత్తం 2 నిమిషాలు, మనుషుల నడుముల కింద 4. అచ్చులో ఆ పొడి ముందు దుమ్ములా కనిపించి, చూపు అక్కడే ఆగుతోంది. అది కాస్త ఎక్కువే ఆగుతోంది. రెండో స్థితిలో, అంటే పలకను సవరించాక, మిగతా ఆరుగురి వీపుల మీద కూడా బర్నిషర్‌తో (రాగిని రుద్ది నున్నచేసే ఉక్కు పనిముట్టు) చిన్న చిన్న వెలుగులు తీశాం. ఇప్పుడు పొడి వెతికితేనే దొరుకుతుంది.

రెండో పలక: పల్లకీ

బోయీలకు ఈగ తలలు పెట్టడం మొదటి ఆలోచన. అది చవకబారు ఎత్తు అని తేలింది. మనిషి ఒంటికి జంతువు తల పెడితే చూసేవాళ్లు వెంటనే ‘వ్యంగ్యం’ అని గుర్తుపట్టి బొమ్మను పక్కన పెట్టేస్తారు. దాని బదులు పల్లకీనే ఇల్లు చేశాం. మట్టిగోడ, గడప, గడపకు ముగ్గు, పైన తాటాకు కప్పు, కింద పల్లకీ బొంగు, మోసే నలుగురు. నలుగురూ ఒక చేత్తో బొంగు పట్టుకుని, రెండో చేత్తో నోరు మూసుకున్నారు. ఈగలు గడప మీద.

తాటాకు కప్పుకు సాఫ్ట్ గ్రౌండు. నిజం తాటాకు ఈనెలు పేర్చి ప్రెస్సులో తక్కువ ఒత్తిడితో నొక్కాం. ఎండిన ఆకు పలక మీద గీతలు పెడుతుంది, పచ్చి ఆకు రసం కారుస్తుంది. రెండు రోజులు నీడన వాడ్చినది సరిగ్గా పనిచేస్తుంది. మట్టిగోడకు గోనెపట్టా అచ్చు. పట్టా మీద కొవ్వొత్తి మైనపు కాగితం ఒకటి వేసి నొక్కకపోతే గ్రౌండంతా రోలరుకు అంటుకుపోతుంది.

ఈగలు డ్రైపాయింట్: ఆమ్లం లేకుండా స్టీలు సూదితో నేరుగా రాగిని చీల్చడం. సూది వెంట లేచిన రాగి పొరక సిరాను పట్టుకుని మెత్తటి మసక నలుపు ఇస్తుంది. ఈగ రెక్క దగ్గర అది కావలసినంత జిగటగా కనిపిస్తుంది. చిక్కల్లా ఆ పొరక ప్రెస్సు కింద నలిగిపోవడమే. పది పదిహేను అచ్చులు దాటాక ఈగలు ఎండిపోయినట్టు సన్నగీతలుగా మారతాయి. అందుకని ఈ పలకలో డ్రైపాయింట్ అన్నిటికన్నా చివర, ఎడిషన్, అంటే అసలు ప్రతులు తీయడం, మొదలుపెట్టే ముందే. ఎక్కువ ప్రతులు కావాలంటే పలక మీద స్టీలు పూత వేయించాలి.

మూడో పలక: గోదారి

ఎక్కువ పని పట్టింది దీనికే. నది రాత్రిపూట, పలకలో మూడు వంతులు నీళ్లు. ఒక మనిషి తల, చాచిన చెయ్యి, ఆ చేతిలో తోక. తోక పలక అంచు దాటి బయటికి వెళ్లిపోతుంది. కుక్క పలకలో లేదు. మనిషి వీపు మీద పిల్ల, పిల్ల చేతిలో దీపం. మనిషి ముఖంలో భయం లేదు. భయం గీస్తే బొమ్మ చెప్పేస్తుంది. నమ్మకం గీస్తే చూసేవాళ్లకు తోక అవతల ఏముందన్న అనుమానం పుడుతుంది.

ఈ ఉపాయానికి మూలం గోయా భయం పలక. ముసుగేసుకున్న పెద్ద ఆకారాన్ని చూసి సైనికులు చెల్లాచెదురవుతుంటారు. ఆ ఆకారం చేతి మడతలోంచి మామూలు మనిషి ముఖం ఒకటి తొంగిచూస్తుంటుంది. అది గమనించేదాకా ఒక బొమ్మ, గమనించాక ఇంకో బొమ్మ. గుట్టును మధ్యలో పెట్టకుండా ఓ మూలకు తోసేశారు. ఇక్కడ ఆ పని తోక చేస్తుంది. అందుకే తోక కొస వెలుగులో ఉండకూడదు, మధ్య టోన్‌లో ఉండాలి.

నలుపు రెండు కోట్లుగా వేశాం. మొదటి రోజిన్ పొర సన్నటి రేణువులతో, 6 నిమిషాల దాకా మెట్లు మెట్లుగా. దాన్ని స్పిరిట్‌తో కడిగేసి, మళ్లీ జిడ్డు తీసి, కొంచెం పెద్ద రేణువులతో రెండో పొర, 5 నిమిషాలు. రెండో పొర రేణువులు మొదటివాటి మీద సరిగ్గా పడవు కాబట్టి మొనల సంఖ్య పెరుగుతుంది, సిరా నిలిచే చోట్లు పెరుగుతాయి. పరీక్ష పట్టీ మీద 16 నిమిషాలకు రాని నలుపు ఇలా మొత్తం 11 నిమిషాలకే వచ్చింది.

ఈ పద్ధతికి బలహీనత ఆకాశం అంచు. మొదటి పొరలో మూసిన హద్దు, రెండో పొరలో మూసిన హద్దు వెంట్రుకవాసి తేడాగా పడితే అక్కడ తెల్లగీతో నల్లగీతో వస్తుంది. నదికీ ఆకాశానికీ మధ్య గట్టు గీత పెట్టడం ఒక దారి. మేం హద్దే తీసేశాం. రెండో పొర ఆకాశంలోకి కూడా పోనిచ్చి, తర్వాత ఆకాశాన్ని బర్నిషర్‌తో వెనక్కి తెచ్చాం.

బర్నిషింగ్ ఓపిక పని. పలక మీద ఒక చుక్క నూనె, బర్నిషర్ వాలుగా, ఒకే దిశలో, తేలికగా. 2 నిమిషాల లోపు కొరికిన టోన్ ఒట్టి బర్నిషర్‌కే లొంగుతుంది. ఈ పలకలా లోతు ఎక్కువైతే ముందు మూడంచుల స్క్రేపర్‌తో మొనలు కోయాలి, 1000 నంబరు వాటర్ పేపరుతో గరుకు తీయాలి, అప్పుడు బర్నిషర్. స్క్రేపర్ మూల తగిలితే కొత్త గీత పడి అచ్చులో నల్లగా లేస్తుంది. బాగా గీకినచోట గుంట ఏర్పడి, సిరా నిలిచి, తెల్లగా రావలసింది మురికిగా వస్తుంది. అలాంటప్పుడు పలక బోర్లించి, ఆ చోటు వెనక గుర్తుపెట్టి, చిన్న సుత్తితో మెల్లగా కొట్టి పైకి తేవాలి.

దీపం వెలుగు ఇలాగే తీశాం, మధ్యలో పూర్తి తెలుపు ఎక్కడా లేదు. తెలుపు దాచుకున్నది నీటి మీద మూడు అలల కొనలకు. మొదటి ప్రూఫులో దీపమే అన్నిటికన్నా వెలుగుగా ఉండి, బొమ్మ కాస్తా భక్తి కేలండరులా తయారైంది. దీపాన్ని 1 నిమిషం టోన్‌కు దించాక ముఖం బయటపడింది.

నల్లటి ఆక్వాటింట్ మీద నిలిచి పనిచేసిన తెలుగువాళ్లలో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన ఎచింగులు దగ్గరగా చూసే అవకాశముంటే నలుపును కాదు, బూడిదరంగులను చూడాలి. ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకుంటే సొంత పరీక్ష పట్టీ మీద నమ్మకం కుదురుతుంది. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో అతెలియే 17 అనే అచ్చుచిత్రాల స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి దారి వేరు: ఒకే పలక మీద జిగట తేడాలున్న రంగులను ఒకేసారి పట్టించడం. ఆ విస్కాసిటీ పద్ధతి ఈ నాలుగు పలకలకు అనుకోలేదు. రంగు వస్తే సామెతకు ఊరూ వేళా వచ్చేస్తాయి, వాటిని తీయడానికే కదా ఇంత తంటా.

అచ్చు

కాగితం 300 జీఎస్ఎం పత్తి కాగితం, అరగంట నీళ్లలో నానాలి. తీసి బ్లాటింగ్ మధ్య ఒత్తితే పైన నీటి మెరుపు పోవాలి, తాకితే చల్లగా ఉండాలి. మెరుపు మిగిలితే సిరా పట్టక తెల్ల చుక్కలు, ఎక్కువ ఆరితే సన్నగీతలు మాయం. మన చేతికాగితాల్లో కొన్ని చాలా అందంగా ఉంటాయి కానీ పైజిగురు తక్కువైతే నూలు లేచి పలకకు అంటుకుంటుంది. ఒక ముక్క పరీక్షించకుండా కట్ట కొనకూడదు.

సిరా నూనె ఆధారిత నలుపు. పలకను 40 డిగ్రీల దాకా వెచ్చచేసి పూసి, గంజి పెట్టి ఆరబెట్టిన పల్చటి గుడ్డతో గుండ్రంగా తుడిచి, చివర్లో చాక్ రాసిన అరచేత్తో. మే నెలలో వెచ్చచేయనే అక్కర్లేదు. పైగా సిరా జారిపోయి ఆక్వాటింట్ గుంటల్లోంచి కూడా వచ్చేస్తుంది. చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ కలిపితే బిగుస్తుంది. గీతల పక్కన సిరా చిమ్మినట్టు కనిపిస్తే సిరా పల్చనైనా అయుండాలి, ఒత్తిడి ఎక్కువైనా అయుండాలి. ముందు సిరా మార్చి చూడాలి, ప్రెస్సు జోలికి తర్వాత వెళ్లాలి. వాలు అంచులను ప్రతి అచ్చుకూ విడిగా తుడవాలి.

పలక మీద పల్చటి సిరా పొర వదిలి మూడ్ తేవడం చాలామంది చేస్తారు. ఈ పలకలకు వద్దనుకున్నాం. టోన్ పలకలోనే ఉంటే పదో ప్రతి కూడా మొదటిదానిలాగే వస్తుంది, తుడుపులో ఉంటే ఏ రెండూ ఒకలా ఉండవు.

తడి అచ్చులు బ్లాటింగ్ మధ్య, పైన బల్లచెక్క బరువు. బ్లాటింగ్ రోజూ మార్చాలి. వానాకాలం రెండు రోజులు ఊరుకుంటే బూజు చుక్కలు వస్తాయి.

కింద పెన్సిలుతో సంఖ్య, సంతకం. సామెత రాయం. మొదటి మూడింటికి పేర్లుగా ‘భుజాలు’, ‘గడప’, ‘తోక’ పెట్టాం.

నాలుగో పలక: గాట

గీతలు అయ్యాయి, టోన్ మిగిలింది. పదిమంది పలుపుతాడు పట్టుకుని నిలబడ్డారు, తాడు చివర ముడి సిద్ధంగా ఉంది, ముడిలో ఏమీ లేదు. అందరి చూపూ పలక బయటికి, ఎడమ పక్కకి. ఎద్దు మధ్యలో, చూసేవాళ్లకేసి చూస్తోంది. దూడ లేదు. ఎద్దును ఎద్దుగా గుర్తుపట్టకపోతే బొమ్మ కుప్పకూలుతుంది, అందుకని మూపురం, గంగడోలు స్పష్టంగా గీశాం, మిగతా ఒంటిని వదిలేశాం.

ఒక్క 30 సెకన్ల టోన్ నేల మీద, గుంపు వెనక 4 నిమిషాలు అనుకుంటున్నాం. ఎద్దు మీద టోనే వద్దు. తెల్ల ఎద్దు చుట్టూ ముదురు టోన్ వేసినప్పుడు, లక్క పాలిష్ అంచు పాకి ఒంటి గీతను దాటితే ఎద్దు చుట్టూ తెల్లటి అంచు కట్టి కత్తిరించి అంటించినట్టుంటుంది. కాబట్టి పాలిష్‌ను గీతకు లోపల అర మిల్లీమీటరు వెనకే ఆపాలి, ఆమ్లం గీతను తాకుతూ ఆగాలి. ఇది చిక్కటి పాలిష్, సన్నటి జీరో నంబరు బ్రష్షు ఉన్నప్పుడే కుదురుతుంది.

ద్రావకం ముదురు ఆకుపచ్చకు తిరిగింది. దీనితో పని నెమ్మదించింది, ఈ పలక టోన్‌కు కొత్తది కలిపి, పరీక్ష పట్టీ మళ్లీ చేశాకే దించాలి. పాతదాన్ని కాలువలో పోయకూడదు, అందులో ఇప్పుడు రాగి ఉంది, చేపలకు విషం. పెద్ద బకెట్‌లో పది రెట్లు నీళ్లు కలిపి, చాకలిసోడా కొద్దికొద్దిగా వేస్తే నురగ పొంగుతుంది, కాబట్టి బకెట్ సగమే నింపాలి. పొంగడం ఆగి, లిట్మస్ కాగితం ఎరుపెక్కకుండా ఉండేదాకా వేయాలి. ఒక రోజు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైనీరు తేరాక వంచి, మడ్డిని గుడ్డలో వడగట్టి ఎండబెట్టి, డబ్బాలో మూతపెట్టి, ‘రాగి మడ్డి’ అని చీటీ అంటించి ప్రమాదకర రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.